ఎవరికైనా ఎరుకేనా

పాండురంగ నాచారంలో ప్లాస్టిక్ మూతలు చేసే ఫ్యాక్టరీలో మెషీన్ ఆపరేటర్. పద్దెనిమిదేళ్లుగా అదే మెషీన్. వయసు నలభై రెండు. పెళ్లి కాలేదు. కాలేదు అన్నది ఇతరుల మాట. అతను చేసుకోలేదు. ఎందుకని అడిగితే కాసేపు ఆలోచించి, "గట్లనే ఐపోయింది" అంటాడు.

ఉప్పల్‌లో ఒక మేడ మీద గదిలో ఉంటాడు. ఒక మంచం, ఒక స్టవ్. కిటికీలోంచి మెట్రో రైలు కనబడుతుంది, అందులో నిలబడిన మనుషులు కూడా. సెలవు రోజు మధ్యాహ్నం తిని పడుకుంటాడు. మెలకువ వస్తే టైము చూడకుండా మళ్లీ పడుకుంటాడు. ఈ బతుకు అతనికి ఇష్టం. ఇష్టమని ఎవరితోనూ అనలేదు. అంటే నమ్మరు, జాలిపడతారు.

కానీ ఒంటరి మనిషి తీరిక ఒంటరి మనిషిది కాదు. దసరాకు అందరూ ఊళ్లకు పోతారు, అతను మెషీన్ దగ్గర ఉంటాడు. ఎవరి బిడ్డకు జ్వరమొచ్చినా వాళ్ల నైట్ షిఫ్ట్ అతనికి వస్తుంది. సూపర్‌వైజర్ నరేందర్ ప్రతిసారీ ఒకే మాట అంటాడు: "నీకేందయ్యా, పెండ్లామా పిల్లలా. జర సూస్కో."

ఒకసారి కారణం రాయకుండా లీవ్ లెటర్ ఇచ్చాడు. నరేందర్ దాన్ని తిప్పి చూశాడు, వెనక వైపు ఏమైనా ఉందేమోనని. "కారణం లేకుంట లీవ్ ఏందయ్యా?" అని వెనక్కి ఇచ్చేశాడు.

అందుకని ఈ ఫిబ్రవరిలో శుక్ర, శనివారాలకు లీవ్ అడిగినప్పుడు కారణం రాశాడు. అక్క బిడ్డ పెళ్లి. అక్క బిడ్డ తొమ్మిదో తరగతి చదువుతోంది.

అక్క భాగ్యశ్రీది నారపల్లి. వెంచర్‌లో కొన్న ప్లాటులో కింద ఇల్లు కట్టుకున్నారు, ఇప్పుడు పైన ఒక అంతస్తు వేస్తున్నారు. అదే శుక్రవారం స్లాబు. "మీ బావ ఒక్కనితోని కాదు పాండు, నువ్వొచ్చి పైన నిలబడు" అని ఫోన్ చేసింది. డ్యూటీ ఉందక్కా అన్నాడు.

ఆ మాట నోట్లోంచి ఎంత సులువుగా వచ్చిందో చూసి తనకే వింతగా అనిపించింది.

శుక్రవారం పొద్దున ఆరింటికి బండి తీశాడు. పదకొండేళ్ల బండి. ఉప్పల్ నుంచి నాచారం, నాచారం నుంచి ఉప్పల్ తప్ప దానికి వేరే దారి పెద్దగా తెలియదు. పూర్తికాని ఫ్లైఓవర్ స్తంభాల పక్కనుంచి వరంగల్ రోడ్డెక్కాడు. నారపల్లి దగ్గర హెల్మెట్ అద్దం కిందికి దించాడు. ఘట్‌కేసర్ దాటాక ఎత్తాడు.

భువనగిరి దగ్గర ఇడ్లీ తిన్నాడు. జనగామ దగ్గర ఆకలి లేకపోయినా దోశ తిన్నాడు, వద్దనేవాళ్లు లేరు గనక. హన్మకొండ దాటాక ఒక కల్వర్టు మీద గంటసేపు కూర్చున్నాడు. కింద వాగులో ఒకాయన గేదెలను కడుగుతున్నాడు. ఎనిమిది గేదెలు. ఎనిమిదోది కడిగించుకోవడానికి ఒప్పుకోలేదు. అది ఒప్పుకునేదాకా చూశాడు. తను ఇక్కడ ఉన్నట్టు లోకంలో ఎవరికీ తెలియదని అప్పుడు గుర్తొచ్చింది. ఒళ్లు తేలికైంది. ఇది సంతోషమే అయి ఉండాలి అనుకున్నాడు. సంతోషమే అనుకోకుండా, అయి ఉండాలి అని ఎందుకు అనుకున్నాడో అర్థం కాలేదు. లేచి బండి స్టార్ట్ చేశాడు.

మూడింటికి గోదావరి ఒడ్డున ఒక చిన్న ఊరు చేరాడు. గుడికి వెళ్లే దారిలో లాడ్జి ఉంది. బల్ల వెనక అరవై ఏళ్ల మనిషి, కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టుకుని ఉన్నాడు. పేరు పోశయ్య.

"ఎంతమంది?"

"ఒక్కన్నే."

పోశయ్య పెన్ను కింద పెట్టాడు. "సింగిల్‌కు ఇయ్యం అన్నా."

"ఎందుకియ్యరు?"

"రూలు. గోడ మీద రాసి లేదా?"

రాసి ఉంది. ఒంటరిగా వచ్చినవారికి గది ఇవ్వబడదు. ఎర్ర అక్షరాలు.

"ఇద్దరి కిరాయి ఇస్త."

"కిరాయి సంగతి గాదే. పోయినేడు ఒకాయన గిట్లనే వచ్చిండు. మంచిగ మాట్లాడిండు, చాయ తాగిండు. తెల్లారి తలుపు పగలగొట్టవడ్డది. మూడు నెల్లు నన్ను ఠాణా సుట్టు తిప్పిన్రు."

పాండురంగకు ఆ మాట అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. "నేను గట్ల రాలే" అన్నాడు.

"ఆయన గుడ గదే అన్నడు."

"ఇంకో లాడ్జి లేదా?"

"ఉన్నది. మా బావదే. ఆడ గుడ గిదే రూలు." పోశయ్య అతని మొహంలోకి చూసి కాస్త మెత్తబడ్డాడు. "ఒక పని జెయ్యి. నువ్వు ఈడికి వచ్చినవని మీ ఇంట్ల ఎవరికైనా ఎరుకేనా? ఫోన్ కలుపు. ఎరుకే అని ఒక్క మనిషి చెప్తే సాలు, తాళం ఇస్త."

పాండురంగ ఫోన్ తీశాడు. వెనక్కి పోతే హన్మకొండ చేరేసరికి చీకటి పడుతుంది. రేపు ఇంకోచోట ఇదే రూలు ఉంటే ఉప్పలే. గది దొరక్కపోతే పద్దెనిమిదేళ్లలో తీసుకున్న ఒకే ఒక్క లీవ్ ఈ బల్ల దగ్గర అయిపోతుంది. గది కావాలంటే తను ఎక్కడున్నాడో ఒక మనిషికి తెలియాలి.

మొదట నరేందర్‌కు చేశాడు. ఏం చెప్పాలో అతనికే స్పష్టంగా లేదు.

"ఏందయ్యా పాండురంగా, పెండ్లి మంచిగ అయితున్నదా? డప్పుల సప్పుడే లేదు?"

"ఆ సార్... భోజనాలు నడుస్తున్నయ్."

"మటనేనా?"

"మటనే సార్."

"మరి ఫోనెందుకు జేసినవ్?"

"ఊకెనే సార్. మెషీన్ ఎట్లున్నదో అని." పెట్టేశాడు.

పోశయ్య అద్దాలు కళ్ల మీదికి దించుకున్నాడు. "మటన్ ఏడున్నది?"

పాండురంగ ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

"అన్నా, ఇప్పుడైతే అస్సలు ఇయ్య. నిన్ను గీ బెంచీ మీదికెల్లి గుడ లేవనియ్య. కూసో."

కూర్చున్నాడు. ద్వారంలోంచి గోదావరి కనిపిస్తోంది, ఎక్కువగా ఇసుకే. తను చచ్చిపోవడానికి రాలేదని ఎలా రుజువు చేయాలి? బతకడానికి వచ్చానంటే అదీ పూర్తి నిజంలా అనిపించలేదు. ఉప్పల్‌లోనూ బతుకుతూనే ఉన్నాడు కదా. ఎందుకు వచ్చాడో సరిగ్గా చెప్పగలిగితే పోశయ్య తాళం ఇచ్చేవాడేమో. చాలాసేపు వెతికాడు. దొరకలేదు.

చివరికి అక్కకు చేశాడు. అవతల కాంక్రీటు కలిపే మిల్లర్ మోత.

"పాండూ! డ్యూటీ దిగినవా? జల్ది రా, సగం గుడ కాలే!"

"అక్కా, నేను డ్యూటీల లేను. గోదావరి కాడున్న."

"ఏ కాడ?"

గట్టిగా మళ్లీ చెప్పాడు. మిల్లర్ మోత దూరమైంది. ఆమె ఎటో నడిచినట్టుంది.

"ఎవలతోని పోయినవ్?"

"ఒక్కన్నే."

"ఏమైందిరా?"

"ఏం గాలే."

"నౌకరి పోయిందా?"

"లేదు."

"దవాఖానల ఏమన్న జెప్పిన్రా?"

"లేదక్కా."

"ఏం గాకుంటె గంత దూరం ఎందుకు పోతరు?"

"తిరగాలనిపించింది."

"నాకు డ్యూటీ అని జెప్పినవ్."

"జెప్పిన."

అతను చెప్పాల్సింది ఇంకొకటి ఉంది. "ఈడ రూమ్ ఇస్తలేరు. ఇంట్లోళ్లకు ఎరుకే అని ఎవరన్న జెప్పాల్నంట."

తిడుతుందనుకున్నాడు. తిడితే బాగుండును.

"ఫోన్ ఆయనకియ్యి" అంది.

పోశయ్య స్పీకర్ పెట్టాడు. భాగ్యశ్రీ గొంతు గది నిండా వచ్చింది.

"వాడు మా తమ్ముడు. ఆడికెందుకొచ్చిండంటే నాకు గుడ సమజ్ కాలే. నాకు అబద్ధమాడి వచ్చిండు, గా లెక్క వేరే ఉన్నది, నేను తీస్కుంట. గాని నువ్వనుకునే మనిషి కాడు. వానికి సోమారం ఫస్ట్ షిఫ్ట్. పద్దెనిమిదేండ్లల ఒక్కనాడు లేట్ పోలే. ఇప్పుడు నాకెరుకే గద? తాళమియ్యి."

పోశయ్య లేచి తాళం తీశాడు. ఫోన్ మళ్లీ పాండురంగ చేతికి వచ్చింది.

"ఎట్లున్నదిరా ఆడ?" అంది భాగ్యశ్రీ. గొంతు మారింది.

"నీళ్లు తక్కువున్నయ్. ఇసుక మస్తున్నది."

"నేను వరంగల్ గుడ ఒక్కదాన్ని పోలే."

"ఓపారి రా అక్కా. పోదాం."

"నేనొస్తె నువ్వు ఒక్కనివెట్లయితవ్రా?" అని ఫోన్ పెట్టేసింది.

కింది గది ఇచ్చారు. లోపల గడియ పెట్టొద్దన్నారు. అరగంటకోసారి పోశయ్య తలుపు తోసి చూశాడు. "అన్నా, మంచిగున్నవా?" మొదటిసారి ఉన్నాను అన్నాడు పాండురంగ. రెండోసారి కూడా అన్నాడు. మూడోసారి ఆలోచించాల్సి వచ్చింది. అతను ఆలోచించడం చూసి పోశయ్య చాయ తెచ్చి, తాగేదాకా పక్కనే నిలబడ్డాడు.

పొద్దున్నే ఇసుకలో నడిచాడు. కల్వర్టు మీద ఉన్న తేలిక కోసం చూశాడు. రాలేదు. అక్కకు తెలిసిపోయింది కాబట్టి రాలేదా? అయితే బాధగా ఉండాలి. బాధగానూ లేదు. స్లాబుకు ఇప్పుడు నీళ్లు పట్టాలి, బావ ఒక్కడే ఉంటాడు. అక్క రమ్మనలేదు. వెనక్కి పోవచ్చు, వంతెన దాటి ముందుకు పోవచ్చు. రెండింటికీ టైము ఉంది. బండి మీద కూర్చుని చాలాసేపు తాళం తిప్పలేదు. తర్వాత వంతెన ఎక్కాడు.

మధ్యాహ్నానికి అవతల ఇంకో ఊరు, ఇంకో లాడ్జి. బల్ల వెనక ఒక అమ్మాయి కంప్యూటర్ చూస్తోంది.

"ఎంతమంది సార్?"

"ఒక్కన్నే." అని, ఆమె ఇంకేమీ అనకముందే ఫోన్ కలిపి చెవికి పెట్టుకున్నాడు. "మా అక్కకు జేస్తున్న. మాట్లాడుతవా అమ్మా?"

"ఎందుకు సార్?" ఆమె తాళం బల్ల మీద పెట్టింది. "ఆధార్ ఇవ్వండి చాలు."

అప్పటికే అవతల ఎత్తేశారు.

"పాండూ, మళ్ల అడుగుతున్నరా? ఫోన్ వాళ్లకియ్యి, నేను జెప్త."

"అడుగుతలేరక్కా. తాళమిచ్చిన్రు."

"మరెందుకు జేసినవ్?"

తాళం చేతిలోకి తీసుకున్నాడు. అవతల పైపులోంచి నీళ్లు స్లాబు మీద పడుతున్న చప్పుడు.

"వంతెన దాటిన" అన్నాడు.

"పెద్దదా?"

"పెద్దదే."

"నీళ్లు పడుతున్న. ఇంకో గంట పడుతది. జెప్పు, ఇంటున్న."

పాండురంగ మెట్ల మీద కూర్చున్నాడు. ఎక్కడినుంచి మొదలుపెట్టాలో తోచలేదు.