మూడు ఆదివారాల ప్రార్థన అంశం

మా నర్సీపట్నం చర్చిలో ఆరాధన చివర పాస్టరుగారు ప్రార్థన అంశాలు అడుగుతారు. చెయ్యెత్తడంలో నేను కొంచెం ముందుంటాను. కోటవురట్ల రోడ్డులోని ఒక ఊరి నుంచి బస్సులో వచ్చే మామ్మగారు కనిపించడం మానేస్తే, మూడు ఆదివారాలు వరసగా ఆవిడ పేరు నేనే చెప్పాను. సంఘమంతా భారంగా ప్రార్థించింది. తర్వాత అందరం ఇళ్ళకు వెళ్ళి భోజనం చేశాం.

మూడో వారం పాస్టరుగారు నన్ను గుమ్మం దగ్గర ఆపారు.

"దేవుడికి సెప్పడం అయిపోనాది బ్రదర్. మామ్మగారికి ఎవరు సెప్తారు? మీకు బండుంది కదా."

వెళ్ళాను. ఆవిడ అరుగు మీద మోకాళ్ళు పట్టుకుని కూర్చుని ఉంది. బస్సు మెట్లు ఎక్కలేకపోతోందట.

"మూడు వారాలూ ఏటి సేసారు బాబూ?"

"మీకోసం ప్రార్థన చేశామండి."

"నాకెలా తెలుస్తాది? నన్ను మర్సిపోనారనుకున్నాను. ఇంక సర్చికి రావడం మానేద్దామనుకున్నాను."

వచ్చే ఆదివారం నేనే వచ్చి బండి మీద తీసుకెళ్తానని చెప్పాను.

తర్వాతి ఆదివారం నా బండి వెనక కూర్చుని, దారంతా "బేగి పోనీ బాబూ, పాటలైపోతాయి" అంటూనే ఉంది. ప్రార్థన అంశాలప్పుడు నాకంటే ముందే చెయ్యెత్తింది.

"మా పక్కింటామె కూడా రావట్లేదండి. ప్రార్థన సెయ్యండి. ఎవరైనా వస్తే ఇల్లు నేను సూపిస్తాను."

మా వరసలో ఒకాయన వెంటనే జేబులోంచి బండి తాళం తీశాడు. అప్పటికే చేతిలోకి తీసుకున్న నా తాళాన్ని మళ్ళీ జేబులో వేసుకున్నాను, కొంచెం నిరాశగానే.