శూన్యసమితి నేర్చుకున్న సారు

డెబ్బయిల నడుమ నాకు నెక్కొండ దిక్కు ఒక హైస్కూల్లో లెక్కల టీచరమ్మగా ఉద్యోగం వచ్చింది. మా నాయిన వరంగల్‌లో మగ్గం నేసేవాడు. మా ఇంట్లో నౌకరీకి పోయిన మొదటి మనిషిని నేనే. బి.ఎడ్.లో మంచి మార్కులొచ్చాయి కాబట్టి పాఠం చెప్పడం నాకు వచ్చేసిందనే అనుకున్నాను.

ఆ బడిలో పైక్లాసులకు లెక్కలు చెప్పే సారు ఒకరుండేవారు, వయసును బట్టి అందరూ పెద్దసారనేవాళ్లు. రిటైర్మెంటుకు ఇంక మూడేళ్లే ఉన్నాయి. ఆయనదీ వరంగలే, ఇద్దరం ఒకటే ప్యాసింజరు ఎక్కేవాళ్లం. ఆయన చదువంతా ఉర్దూలో సాగింది. నౌకరీలో చేరాక బడులు తెలుగులోకి మారితే, ముసల్లస్‌ను త్రిభుజమనీ, దాయిరాను వృత్తమనీ మళ్లీ మొదటినుంచి నేర్చుకున్నారట.

నేను చేరిన మరుసటి ఎండాకాలం కొత్త లెక్కల పుస్తకం వచ్చింది. మొదటి పాఠమే సమితులు. పాతవాళ్లెవరూ తమ చదువులో చూడని పాఠం. టీచర్లందరికీ హనుమకొండలో ట్రైనింగ్ పెట్టారు. నేను కాలేజీలో చదివిందే కాబట్టి హాయిగా కూర్చున్నాను. నా పక్కన పెద్దసారు చెమట తుడుచుకుంటూ ప్రతి మాటా రాసుకునేవారు.

ఒకరోజు ఆయన్ని బోర్డు దగ్గరికి పిలిచి శూన్యసమితి, అంటే లోపల ఏమీ లేని సమితి, రాయమన్నారు. ఆయన మీసాల బ్రాకెట్లు గీసి లోపల సున్న పెట్టారు. వెనకనుంచి నవ్వులు. ట్రైనింగ్ ఇస్తున్న లెక్చరరు, ఆయన కొడుకు వయసు ఉంటుందేమో, "తప్పు సార్, కూర్చోండి" అని తుడిచేశాడు.

పెద్దసారు కదల్లేదు. "ఎందుకు తప్పయింది సార్?"

"ఇంకా చాలా పాఠాలున్నయ్ సార్. తర్వాత చూద్దాం."

చాయ్ తాగేటప్పుడు వేరే బడి టీచరు ఒకాయన పెద్దసారు భుజం తట్టి, "రెండేండ్లల్ల రిటైరైతవ్, నీకెందుకన్నా ఈ ఫికర్?" అన్నాడు.

"ఆ రెండేండ్లు వచ్చే పిల్లలకు లెక్కల సారును నేనే గదనే" అన్నారు పెద్దసారు. కోపంగా కాదు, ఉన్నమాట చెప్పినట్టు.

సాయంత్రం బస్టాపులో నా పక్కన కూర్చుని, "బిడ్డా, నాకు జర సమజయ్యేటట్టు చెప్పు. పెద్దోణ్ణని సంకోచపడకు" అన్నారు.

నేను ఖాళీ టిఫిన్ డబ్బా తీసి మూత తెరిచాను. "ఇందులో ఏముంది సార్?"

"ఏం లేదు."

చిన్న కాగితం ముక్క మీద సున్న రాసి అందులో వేశాను. "ఇప్పుడు?"

"సున్న ఉన్నది." అని ఆగి, డబ్బాలోకి మళ్లీ చూసి పకపకా నవ్వారు. "ఉన్నది! సున్న సుత ఒకటి ఉన్నట్టే. నేను డబ్బల కాయితం ఏసి ఖాళీ డబ్బ అన్న!" రెండు బస్సులు పోయినా మేం లేవలేదు.

బడి తెరిచాక ఆయన తొమ్మిదో తరగతిలో ఆ పాఠం మొదలుపెట్టిన రోజు నాకు క్లాసు లేదు. ఆయన పిలిస్తే వెళ్లి వెనక కూర్చున్నాను. బోర్డు మీద బ్రాకెట్లు గీసి లోపల సున్న పెట్టి, పిల్లల వైపు తిరిగారు.

"ట్రైనింగ్‌ల నేను గిట్లనే రాసిన. తప్పన్నరు. ఎందుకు తప్పో మీరు చెప్పున్రి."

సారే తప్పు చేశానంటుంటే పిల్లలు మొదట నమ్మలేదు. తర్వాత ఒకళ్ల తర్వాత ఒకళ్లు లేచి వాదించుకున్నారు. చివరికి ఆయన డబ్బా సంగతి చెప్పి, "ఇది నాకు ఆ టీచరమ్మ నేర్పింది" అని నన్ను చూపించారు. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఆ తర్వాత ఆయన నా ఎనిమిదో తరగతికి వస్తానన్నారు. ఇన్‌స్పెక్షన్‌కు వచ్చినట్టు కాదు, పాఠం వినడానికే. చివరి బెంచీ మీద పిల్లల మధ్య సర్దుకుని కూర్చుని, వాళ్లతోపాటే లెక్కలు చేశారు. గంట కొట్టాక నాతో వరండాలోకి నడిచారు.

"పాఠం మంచిగ చెప్తవ్ బిడ్డా. గని అడిగినంక ఆగుతలేవు. నువ్వే అడుగుతవ్, నువ్వే చెప్తవ్. నేను ఇంక ఆలోచిస్తనే ఉన్న, నువ్వు జవాబు రాసేసినవ్."

బి.ఎడ్.లో నా పాఠాలు చూసినవాళ్లెవరూ ఆ మాట అనలేదు. చివరి బెంచీ మీద కూర్చుని నిజంగా లెక్క చేసినవాళ్లకే అది తెలుస్తుంది.

మర్నాడు ప్రశ్న అడిగి ఆగాను. ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. పిల్లలు నోటుబుక్కుల్లోకి చూస్తున్నారు. జవాబు నాలుక చివరిదాకా వచ్చింది. సుద్దముక్క గట్టిగా పట్టుకుని నిలబడ్డాను. అప్పుడు కిటికీ పక్కన కూర్చునే ఒక అమ్మాయి లేచింది. ఏడో తరగతి నుంచీ హాజరు పలకడానికి తప్ప నోరు తెరవని పిల్ల. ఏదో చెప్పింది. తప్పే.

"ఎట్ల వచ్చిందో చెప్పమ్మా" అన్నాను.

ఆ అమ్మాయి బోర్డు దగ్గరికి వచ్చి నా చేతిలోంచి సుద్ద తీసుకుంది.