నాలుగో ఆంబ్రోస్

సర్ గాడ్‌ఫ్రే థర్ల్‌బీ పార్లమెంటులో లేచి మాట్లాడితే కిటికీలు అదిరేవి. ఇంట్లో ఏడేళ్ల కొడుకుని మాత్రం "ఒరే అబ్బాయ్" అనేవాడే తప్ప పేరు పెట్టి పిలిచేవాడు కాదు. "సభలో అంత నోరుంది, కన్నకొడుకు పేరుకే రాదు," అని భార్య లెటిస్ దెప్పేది. వాళ్ల వంశంలో వారసుడికి తాత పేరే పెడతారు, ఆంబ్రోస్ అని. ఒకడు పోతే ఆ పేరు తరువాత పుట్టినవాడికి పెడతారు. అలా వీడికంటే ముందు పుట్టి పోయిన ముగ్గురు ఆంబ్రోసులు చర్చి నేలలో చిన్న చిన్న రాతిపలకల కింద ఉన్నారు. ప్రతి ఆదివారం ఆయన చేతికర్ర వాటికి తగలకుండా చుట్టూ తిరిగి వెళ్లేవాడు. ఆ ఆదివారం వెనక్కి చూస్తే, కొడుకు మూడో పలక పక్కనున్న ఖాళీలో వెల్లకిలా పడుకుని ఉన్నాడు.

"నాకు సరిగ్గా సరిపోయింది నాన్నగారూ."

"లేవరా." వాడు కదల్లేదు. "ఆంబ్రోస్, లే."

పిలిచేశాక, నలుగురిలో ఎవరు లేస్తారోనని ఆయన నేలకేసి చూస్తూ ఉండిపోయాడు.