మాలకొండమ్మ నోట "ఆగు"

మా చిన్నమ్మ మాలకొండమ్మకు మర్యాద ఒక పాలు ఎక్కువే. గేదెను కూడా "రామ్మా" అని పిలిచే రకం. చిట్టమూరుకు కాపురానికి వచ్చి పదేళ్లయినా, మొగుడితో "అండీ" లేకుండా ఒక్క మాట ముగించేది కాదు. ఆడవాళ్లంతా "ఏమయ్యో" అని మొగుళ్లను కేకేసే వీధి అది. "నీ కోడలు కలెక్టరుతో కాపురం చేస్తా ఉందా?" అని చిన్నమ్మ అత్తగారు వెంకటశేషమ్మను మా అమ్మ ఆటపట్టించేది.

చిన్నమ్మ మొగుడు జయరామయ్య చిన్నాయనకు ఒక పాత నల్లకారు ఉండేది. చుట్టుపక్కల బాడుగ కారు అదొక్కటే. నెల్లూరు ఆసుపత్రికి పోవాలన్నా, పెళ్లికూతురిని తేవాలన్నా అదే గతి. అరవై ఒకటిలో అది దగ్గడం మొదలుపెట్టింది. నెల్లూరు షెడ్డుదాకా పోయే ఓపిక దానికి లేదు. ఇంటి ముందే టైమింగ్, అంటే ఇంజనులో నిప్పురవ్వ సరైన క్షణానికి పుడుతోందో లేదో, చూసుకుందామనుకున్నాడు చిన్నాయన.

పద్ధతి చిన్నదే. ఆ రవ్వ పుట్టే క్షణానికి వెలిగేలా ఒక బుల్లి బల్బు తగిలిస్తారు. ప్లగ్గులు విప్పి, కారు ముందు దూర్చి ఇంజనును తిప్పే ఇనుప హ్యాండిల్ మెల్లగా తిప్పుతూ, బల్బు వెలగగానే ఆపాలి. అప్పుడు ఇంజను ముందున్న చక్రం మీది గీత, ఇంజను మీది గుర్తుకు ఎదురుగా ఉందో లేదో చూడాలి. బంపరు దగ్గర వంగితే బల్బు కనబడదు కనుక, చిన్నమ్మను బల్బు దగ్గర నిలబెట్టాడు.

"ఎలగంగానే చెప్పుమే."

"అట్నేనండీ."

బల్బు వెలిగింది. "ఎలిగిందండీ," అంది చిన్నమ్మ, చివర నిండు దీర్ఘంతో. అప్పటికి గీత గుర్తు దాటేసింది. రవ్వ ఆలస్యంగా పుడుతోందనుకుని చిన్నాయన అది ఇంకాస్త ముందే పుట్టేలా జరిపాడు. ఆలస్యం ఇంజనుది కాదని ఆయనకేం తెలుసు? తీరా స్టార్టు చేయబోతే రవ్వ మరీ ముందే పుట్టి, హ్యాండిల్ వెనక్కి తన్నింది. కుడి మణికట్టు చిట్లింది.

చెయ్యి సరిగ్గా అతుక్కోకపోతే డ్రైవరు బతుకేం కాను? పుత్తూరు కట్టు కట్టించుకుని వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. చిన్నమ్మ అన్నం కలిపి ముద్దలు పెట్టేది. ఒకరోజు ఉండబట్టలేక అడిగింది.

"నేను చెప్తే మీరు ఎందుకు ఆపలేదండీ?"

"ఆపినానుగదా, నీ మాట అయిపోంగానే."

ఎదుటి మనిషి మాట మధ్యలో తుంచే అలవాటు చిన్నాయనకు లేదు. ఇద్దరికి ఇద్దరే. చిన్నమ్మకు అంతా అర్థమై, కంచం కింద పెట్టి ఏడ్చింది. తన మర్యాదే ఆయన చెయ్యి విరిచిందని కుమిలిపోయింది.

కట్టు విప్పినా చేతికి ఇంకా బలం రాలేదు. అయినా ఇల్లు గడవాలి. చిన్నాయన ఎడమచేత్తో హ్యాండిల్ పట్టుకుని మళ్లీ వంగాడు. బల్బు మినుక్కుమంది.

"ఆగు!"

వీధంతా వినబడింది. అరుగు మీద వెంకటశేషమ్మ వక్క నమలడం మానేసింది. "ఏందిమే, నా కొడుకును ఆగంటావా?"

చిన్నమ్మ ముఖం కందిపోయింది.

"ఇంగా గెట్టిగా అను," అంది ముసలమ్మ. "వాడికి మర్యాద అన్నం పెడతాదా?"

రవ్వను కొంచెం కొంచెంగా వెనక్కి జరుపుతూ మళ్లీ మళ్లీ చూశారు. ప్రతిసారీ "ఆగు" అంటూ గొంతు పెంచుతూ పోయింది చిన్నమ్మ. చివరికి గీత గుర్తుకు ఎదురుగా నిలిచింది. చిన్నాయన ప్లగ్గులు బిగించి, స్టార్టు చేయడానికి హ్యాండిల్ మీద చెయ్యి వేశాడు.

చిన్నమ్మ అడ్డం వచ్చింది. "నువ్వు జరుగు. నా మాట తప్పయితే నా చేతికే తగలనీ."

"వద్దుమే, తంతాది."

ఆమె వినలేదు. కొంగు నడుముకు బిగించి, ఉన్న బలమంతా పెట్టి తిప్పింది. కారు గురగురమని అందుకుంది.

చిన్నాయన కారు వైపే చూడలేదు. గబుక్కున ఆమె చెయ్యి లాక్కుని, మణికట్టు అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఏం కాలేదు, వదులు. అందరూ చూస్తా ఉండారు," అని ఆమె గింజుకుంటున్నా వదల్లేదు.