ప్రయూన్ రెండో దెబ్బ

ప్రయూన్ దేన్నీ ఒక్క దెబ్బతో నమ్మడు. రెండోది వేయాల్సిందే అంటుంది ఊరంతా.

థాయ్‌లాండ్‌లోని చంతబురిలో, పనసలా ముళ్లుండే దురియన్ కాయల తోటల్లో కాయని కర్రతో కొట్టి, చప్పుడు విని, పక్వానికొచ్చిందో లేదో చెప్పడం అతని పని. పక్క జిల్లాలో కాయ ముగ్గితే ఇక్కడ నిద్రలో ఉలిక్కిపడతాడని ప్రతీతి. ఆ ప్రతీతిని ఊరూరా మోసుకు తిరిగేదీ అతనే. "నా కర్ర పుట్టి బుద్ధెరిగాక తప్పు చెప్పలేదు" అంటాడు. ఆ వెంటనే "అయినా ఇంకోసారి కొట్టి చూద్దాం" అంటాడు.

కాయలతో ఆగితే బాగుండును. పడవ అడుగు కొడతాడు, గేదె డొక్క కొడతాడు. తల మీద చెయ్యి పడితేనే తగువయ్యే ఊళ్లో, కునుకు తీస్తున్న గ్రామపెద్ద బట్టతల మీద టక్కున కొట్టి "ఇంకా పచ్చిదే" అని తీర్పిచ్చాడు. పెద్దాయన లేచి గుడ్లురిమితే, "నిజమేనండీ, ఒక్క దెబ్బకి చెప్పకూడదు" అంటూ రెండోదీ వేశాడు.

ఈ కర్రతో అందరికంటే వేగిపోయింది తోట ఉన్న సనిత్, ప్రయూన్ చెల్లెలి మొగుడు. "కాలేదంటావు, మళ్లీ వస్తావు, మళ్లీ కొడతావు. కాయకి గూని వచ్చేలా ఉంది బావా!" అని తల బాదుకునేవాడు.

ఆ ఏడు ఆరోగ్య కార్యకర్త పియాక్ యాభై దాటినవాళ్లందరికీ చిన్న డబ్బాలు పంచింది. మలం కాస్త అందులో పెట్టి ఇస్తే, కంటికి కనపడని నెత్తురుందేమో చూస్తారు. పెద్దపేగు క్యాన్సర్‌ని ముందే పసిగట్టడానికి.

ప్రయూన్‌కి ఏమీ లేదని వచ్చింది. "లేదంటే నమ్మెయ్యడమేనా? ఇంకోసారి!"

"నమ్మెయ్యొద్దు మామా. దీనికి దొరక్కుండా జారిపోయేవీ ఉంటాయి. మళ్లీ డబ్బాలు పంచినప్పుడు మళ్లీ ఇవ్వండి" అంది పియాక్.

తన మతంలోకి మనిషి దొరికినట్టు పొంగిపోయాడు ప్రయూన్.

సనిత్‌కి నెత్తురుందని వచ్చింది. పెద్దాసుపత్రికెళ్లి, గొట్టం వేయించుకుని, పేగు లోపల చూపించుకోవాలి. కాయల మార్కెట్లో ఆ కబురు చెప్పిన పియాక్ మీద ఇంతెత్తున లేచాడు.

"ముందురోజు పంది నెత్తురు నూడుల్స్ తిన్నాను, అదే అయ్యుంటుంది!"

"ఇది మనిషి నెత్తుర్నే పడుతుంది మామా. మీరు మనిషేనని తేలింది, సంతోషించండి."

"అయితే క్యాన్సరేనా?"

"చాలామందికి కాదు. లోపల చూస్తేగానీ తెలీదు."

"అంటే మీ పరీక్ష తప్పు చెబుతుందన్నమాట! ఇంకో డబ్బా ఇవ్వు. అది బాగుంటే నేను పోను. ఏం బావా, రెండో దెబ్బ వెయ్యాలా, వద్దా?"

అడగాల్సినవాణ్ణే అడిగానన్న ధీమా సనిత్‌ది. మార్కెట్టంతా ప్రయూన్ వైపు తిరిగింది.

"వద్దు" అన్నాడు ప్రయూన్.

"ఏంటీ?"

"కాలేదన్న కాయనే నేను మళ్లీ కొడతాను. అయిందన్నదాన్ని కోస్తాను. పండిందన్నాక రెండోసారి కొట్టడం ఎవడైనా చూశాడా?"

అందరూ మొహాలు చూసుకున్నారు. ఎవడూ చూడలేదు.

"నీ కర్ర తప్పదు కాబట్టి కోస్తావు. ఆ డబ్బా తప్పుద్ది!"

ప్రయూన్ కర్ర కింద పెట్టాడు. "నా కర్రా తప్పింది బావా. బోలెడన్నిసార్లు. కోసి చూస్తేగానీ పచ్చివని తెలీలేదు. గుట్టుగా ఇంటికి పట్టుకెళ్లి కూర వండించేవాణ్ణి. మా ఆవిణ్ణి అడుగు. ఆ కూర వాసనొస్తే ఇప్పటికీ పుట్టింటికి పోతుంది."

మార్కెట్లో ఒక్కరూ నవ్వలేదు. ఆ మాట బయటపెట్టడానికి బావ ఎంత మింగాడో సనిత్‌కి తెలుసు. ఆసుపత్రికి ఏ రోజు పోవాలో పియాక్‌ని అడిగాడు.

ఆసుపత్రి రోజు పొద్దున్నే కడుపు కడిగే మందు రెండు గ్లాసుల్లో పోశాడు ప్రయూన్.

"రెండోది ఎవరికి?"

"నాకే. రుచి చూద్దామని."

సనిత్ ఇంట్లో ఉన్నది ఒకటే మరుగుదొడ్డి.

"బావా, రోగిని నేను!"

"తోడొచ్చింది నేను! ఆగు!"

సనిత్ పేగులో పిలకలా పెరిగిన చిన్న కండ దొరికింది. వదిలేస్తే క్యాన్సర్‌గా ముదిరే రకంలా ఉందని డాక్టరమ్మ అక్కడికక్కడే కత్తిరించి తీసేసింది.

మత్తు దిగి కళ్లు తెరిచేసరికి, పక్కన రోగికంటే నీరసంగా ప్రయూన్. కర్ర తీసి సనిత్ పొట్ట మీద మెల్లగా తట్టి, చెవి ఒగ్గాడు.

"ఖాళీ."

సనిత్ దుప్పటి కాస్త కిందికి లాక్కున్నాడు. "ఒక్క దెబ్బకేం తెలుస్తుంది బావా? ఇంకోసారి కొట్టి చూడు."