ముందున్నవాడి చెయ్యి

అనకాపల్లిలో బెల్లం వ్యాపారం చేసుకునే మనిషి, నలభయ్యారేళ్ల వయసులో బిగుతు నిక్కరేసుకుని తెల్లారేసరికి సైకిలెక్కితే జనం నవ్వరా మరి! "బండిలో పెట్రోలు లేదేటి?" అని అడిగేవారు. అడగనీ. వారంలో ఆరు రోజులు షాపులో పదిమంది చేత మాటలు పడి బతికేవాణ్ణి. ఆదివారం పొద్దున్న పరవాడ వైపు తొక్కుతుంటేనే నేనూ మనిషినే అనిపించేది.

తోడు మా బావ. వరసకేమీ కాడు, ఇరవయ్యేళ్ల స్నేహం. బళ్లో లెక్కల మాస్టారు. ఎదురుగాలి ఉన్నప్పుడు ఒకడు ముందు తొక్కుతాడు, రెండోవాడు జానెడు వెనక, గాలి తగలకుండా తొక్కుతాడు. వెనకవాడికి రోడ్డు కనబడదు. అందుకే ఏ గొయ్యి వచ్చినా ముందున్నవాడు చెయ్యి కిందికి దించి చూపించి తీరాలి. సైకిలు తొక్కేవాళ్లలో అంతకంటే పెద్ద ఒట్టు లేదు.

ఆ ఆదివారం ముందు నేనున్నాను. హ్యాండిల్ మీద మీటరు నలభై చూపించింది. జన్మలో చూడని అంకె! అంతలో, ఏ ట్రాక్టరు మీంచి జారిపడిందో, చెరుకుగడ ఒకటి రోడ్డుకి అడ్డంగా కనబడింది. చెయ్యి తీస్తే వేగం పోతుంది. తియ్యలేదు. నేను మాత్రం పక్కకి తప్పుకున్నాను. ఛీ, అదేం బుద్ధో!

వెనక పెద్ద చప్పుడైంది. బావ తుంటి ఎముక ముక్కలైంది. రెండు ఆపరేషన్లు చేశాక, ఇక కర్ర లేకుండా నడవలేడనీ, సైకిలు మాట మరిచిపొమ్మనీ డాక్టరు చెప్పేశాడు.

ఆసుపత్రి నుంచి అతన్ని ఇంటికి తెచ్చిన సాయంత్రం, నిజం చెప్పేద్దామనే వాళ్లింటికి వెళ్లాను. వాళ్లావిడ గుమ్మంలోనే నిలదీసింది.

"ముందు నువ్వే కదా ఉన్నావు అన్నయ్యా, ఎనకున్న మనిషికి సెప్పొద్దా?"

మంచం మీంచి బావ అందుకున్నాడు. "ఆణ్ణేటీ అనకు. సెయ్యి సూపించే ఉంటాడు. సూపించేవు కదా బావా?"

నిజం చెప్తే ఇక ఈ మనిషి నా మొహం చూడడని భయమేసింది.

"సూపించేను బావా" అన్నాను.

"మరదే! నేనే సూసుకోలేదు" అని బావ తల దించుకున్నాడు.

ఆవిడ అతని మీదికి తిరిగింది. "కళ్లెక్కడెట్టుకున్నావు? పిల్లలైనా గుర్తురాలేదా నీకు?" తిట్టి తిట్టి, ఏడ్చి, కళ్లు తుడుచుకుని లోపలికెళ్లి ఆవిడ నాకు టీ పెట్టి తెచ్చింది. తాగాను.