ముల్లంగి మడి, గట్టు మీద పుట్ట

చెదలు పచ్చాకు తింటాయా అని మొన్న ఫోన్‌లో అడిగావు కదా, చిన్నీ. మనవైపు చెదలకు ఎండిందే ఇష్టం. నాకు ఆ సంగతి తెలిసేసరికి ఒక పుట్ట పగిలింది.

అరవైల మొదట్లో తెక్కలకోట పక్క ఊళ్లలో నేను గ్రామసేవికను. బ్లాక్ ఆఫీసు తరఫున ఆడవాళ్లకు పెరటి సాగు నేర్పే పని. కాలువ కింద వరి చేయడానికి కోస్తా నుంచి వచ్చిన సుభద్రక్క, చనిపోయిన వాళ్లమ్మ దాచిన ముల్లంగి విత్తనాన్ని వెంట తెచ్చుకుంది. మిగిలిన గింజలన్నీ ఒకే మడిలో వేసింది. అవి పూసి కాయ కడితేనే ఆ విత్తనం నిలుస్తుంది.

మధ్యాహ్నం వెళ్లి చూస్తే ఆకులన్నీ జల్లెడలా ఉన్నాయి. పురుగు ఒక్కటీ కనబడలేదు. గట్టు మీద మాత్రం చెదల పుట్ట.

"ఇదేనక్కా, చెదలు తింటాండాయి. తవ్వేస్తే సరిపోతాది."

"నాగుల చవితికి పాలు పోసిన పుట్టండీ అమ్మాయిగారూ. ఆ చేత్తోనే గునపం పట్టమంటారా?"

"నువ్వు పట్టొద్దులే. నేనుండా కదా!"

ట్రైనింగ్ పొగరు. పుట్ట అంచు పగలగొట్టాను. లోపల తెల్లటి చెదలు, ఎండుగడ్డి తునకలు. పచ్చాకు ముక్క ఒక్కటీ లేదు. సుభద్రక్క కాలువ మట్టి తెచ్చి, పసిపిల్ల దెబ్బకు మందు రాసినట్టు ఆ పగులు మెత్తింది.

మర్నాడు తెల్లవారుతూనే మళ్లీ వెళ్లాను. కాలువ మీద మంచు పాలపొరలా కదులుతోంది. తడి ఆకుల మీద నల్లటి పురుగులు నిదానంగా మేస్తున్నాయి. వేలు తగలగానే ఉంగరాల్లా చుట్టుకుని రాలిపోయాయి. సాఫ్లై, అంటే రంపపు ఈగ పిల్లలు. ఎండెక్కితే మట్టిలో దాక్కుంటాయి.

"వీటి పాపానికా పుట్టను కొట్టారు?" అని సుభద్రక్క నవ్వేసింది.

రోజూ పొద్దున్నే ఇద్దరం ఆకులు తట్టి, వాటిని కిరసనాయిలు నీళ్లలో వేసేవాళ్లం. అప్పుడే చెప్పాను. చెదల రాణి చీకట్లో పిల్లల మధ్యే బతుకుతుంది. ఈ ఈగ తోక చివరనున్న రంపంలాంటి ముల్లుతో ఆకు అంచు కోసి, లోపల గుడ్డు దాచి వెళ్లిపోతుంది.

ముల్లంగి తెల్లగా పూసింది, కాయ కట్టింది. తెల్లారి వెళ్లి చూడకుండా ఆ తర్వాత ఏ పురుగు మీదా నేరం మోపలేదు నేను.

గింజలు ఒలుస్తూ సుభద్రక్క అడిగింది.

"తల్లి మొహమే చూడలేదు కదండీ ఆ ఈగ. మరి గుడ్డు పెట్టడానికి ఈ ఆకే వెతుక్కుని రావాలని దానికెవరు చెప్పారు?"